ఫార్మాట్ కొట్టే ముందు

(హనుమకొండలో ఇంటర్నెట్ సెంటర్లు, మీసేవ కేంద్రాలు, సర్వీసు షాపులు నడిపేవారు, డిగ్రీ విద్యార్థులు హాజరైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికి నమస్కారం. పరకాల, నర్సంపేట, జనగామ దిక్కు నుంచి షాపులు బంద్ పెట్టి వచ్చిన అన్నలున్నరు. కాలేజీ నుంచి నేరుగ వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లున్నరు. ఒక పూట గిరాకి ఇడిచిపెట్టి వచ్చిన్రు గనుక పొద్దు గడపకుండ ముచ్చట్లకు దిగుత.

మన దగ్గర కంప్యూటర్‌కు ఏ రోగమొచ్చినా ఒకటే గోలీ ఇస్తరు: ఫార్మాట్, అంటే డిస్క్ తుడిచి విండోస్ కొత్తగ ఎక్కించుడు. అప్‌డేట్ ఫెయిలైందా, ఫార్మాట్. నీలం తెర వచ్చిందా, ఫార్మాట్. ప్రింటర్ పలుకుత లేదా, దానికీ ఫార్మాట్. గిరాకి కూడ షాపుల అడుగు పెట్టంగనే "అన్నా, జర ఫార్మాట్ కొట్టియ్యవా" అనే అడుగుతడు. ఏమైందని అతను చెప్పడు, మనం అడగం. గంటన్నరలో కొత్త విండోస్ ఎక్కించి, పైసలు తీసుకొని పంపిస్తం.

ఫార్మాట్ చేయొద్దని నేను అంట లేను. కొన్ని సార్లు అదే సరైన పని. కాని అది ఆఖరు మెట్టు కావాలె. ఎందుకంటే ఫార్మాట్ కొట్టినప్పుడు రెండు పోతయి. ఒకటి, మనిషి దాచుకున్నది: పిల్లల ఫోటోలు, భూమి కాగితాల స్కాన్లు, షాపు లెక్కలు. రెండోది, ఆ మిషన్ ఎందుకు చెడిపోయిందో చెప్పే సాక్ష్యం. విండోస్ ఏ నిమిషంలో ఏం చేయబోయి ఎక్కడ ఆగిపోయిందో తనంతట తానే లాగ్ ఫైళ్లల్ల రాసుకుంటది. ఫార్మాట్‌తోని ఆ రాత అంత తుడుచుకపోతది. హార్డ్ డిస్క్ పోతున్న మిషన్‌కు ఎన్ని సార్లు విండోస్ వేసినా, నెల తిరగక ముందే మళ్ల మన బల్ల మీదికే వస్తది. అప్పుడు గిరాకి తిట్టేది డిస్క్‌ను కాదు, మనల్ని.

అప్‌డేట్ నుంచి మొదలుపెడ్త. అప్‌డేట్ అంటే ఒక్క పని కాదు. ముందు విండోస్ నాకు ఏమేం కావాలె అని మైక్రోసాఫ్ట్ సర్వర్‌ను అడుగుతది. తర్వాత దింపుకుంటది. దింపుకున్నది అసలుదా నకిలీదా అని డిజిటల్ సంతకం సరిచూసుకుంటది. విండోస్ నడుస్తుండంగనే సగం పని చేస్తది. వాడకంలో ఉన్న ఫైళ్లను అప్పుడే మార్చలేదు గనుక రీస్టార్ట్ అడుగుతది. రీస్టార్ట్ అయినంక శాతాలు చూపించుకుంట మిగతా సగం చేస్తది. అది గూడ కుదరకపోతే, చేసిన మార్పులు వాపస్ తీసుకొని పాత విండోస్‌నే మనకు తిరిగి ఇస్తది. "అన్‌డూయింగ్ చేంజెస్" అని తెర మీద వస్తె చాలా మంది భయపడి పవర్ బటన్ ఒత్తుతరు. ఆ టైంల అది మన మిషన్‌ను కాపాడే పనిలో ఉంటది. దాన్ని ఆపొద్దు.

కాబట్టి గిరాకిని అడగవలసిన మొదటి ప్రశ్న: ఏ దశలో ఆగింది? దింపుకోకముందే ఆగిందా, దింపుకునేటప్పుడా, రీస్టార్ట్ తర్వాతనా? ఈ జవాబు దొరికితే సగం దారి నడిచినట్టే.

సర్వర్‌ను అడగంగనే ఆగిపోతే ముందు తేదీ చూడండి. చిన్న ముచ్చటని తీసిపారెయ్యకండి. పాత డెస్క్‌టాప్ ఉన్న షాపులల్ల రాత్రి మెయిన్ బంద్ చేసి పోతరు. పొద్దుగాల ఆన్ చేస్తే తేదీ ఏండ్లకేండ్లు వెనకకు పోయి ఉంటది. ఏ సైటు తెరిచినా కనెక్షన్ భద్రంగ లేదంటది. అప్‌డేట్ 80072ఎఫ్8ఎఫ్ అనే కోడ్ చూపించి నిలబడ్తది. కారణం సాదాసీదాది. ప్రతి సెక్యూరిటీ సర్టిఫికెట్‌కు ఒక మొదలు తేదీ, ఒక ఆఖరు తేదీ ఉంటయి. మన మిషన్ నేను 2015లో ఉన్న అనుకుంటే, ఈ ఏడాది ఇచ్చిన సర్టిఫికెట్ దాని లెక్కల ఇంకా మొదలే కాలే. అందుకే నమ్మదు. మదర్‌బోర్డు మీద గుండ్రటి సెల్లు ఉంటది, సీఆర్2032, 3 వోల్టులది. అది మార్చి, బయోస్‌ల (మిషన్ ఆన్ కాంగనే మొదలు నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) తేదీ సరిచేసి, మళ్ల అప్‌డేట్ పెట్టండి. ఈ సెల్లు చాలక ఫార్మాటైన మిషన్లు మన జిల్లాల తక్కువ లేవు.

ఇప్పుడు ఎర్రర్ కోడ్‌ల ముచ్చట. ఇక్కడ జర ఎక్కువ సేపు ఆగుత, ఎందుకంటే మనం ఎక్కువ భయపడేది వీటికే. తెర మీద సున్నా, ఎక్స్, దాని తర్వాత ఎనిమిది అక్షరాలు వస్తయి. చాలా మంది దాన్ని చదవరు. కనీసం ఫోన్‌ల ఫోటో కూడ తియ్యరు. అన్నలారా, ఆ కోడ్ చదవడం నేర్చుకుంటె మీ పని సగానికి సగం తగ్గుతది.

ఈ తెర మీద చూడండి: 80070070. మొదటి నాలుగు అంకెలు 8007. అంటే ఇది విండోస్ మామూలు ఎర్రర్ల జాబితాలోదే అని అర్థం. ఆఖరి నాలుగు 0070. ఇది హెక్సాడెసిమల్, అంటే పదితోని గాకుండ పదహారుతోని లెక్కించే పద్ధతి. విండోస్ క్యాలిక్యులేటర్‌ను ప్రోగ్రామర్ మోడ్‌ల పెట్టండి, హెక్స్ వరుసల 70 కొట్టండి. కింద డెసిమల్ వరుసల 112 వస్తది. ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్ అని కొట్టి, జాగ ఇడిచి, హెల్ప్‌ఎంఎస్‌జీ అని కొట్టి, మళ్ల జాగ ఇడిచి 112 కొట్టండి. ఎంటర్. డిస్క్‌ల సరిపడ జాగ లేదు అని ఇంగ్లీషుల ఒక్క ముక్కలో చెప్తది. అంతే. సీ డ్రైవ్ నిండింది. దీనికి ఫార్మాట్ దేనికి? డిస్క్ క్లీనప్‌ల సిస్టమ్ ఫైళ్లు కూడ టిక్ పెట్టి పాత అప్‌డేట్ల చెత్త తియ్యండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ల పడి ఉన్న సినిమాలు డీ డ్రైవ్‌కు జరపండి. అప్‌డేట్ నడుస్తది.

ఇట్లనే 80070005 వస్తే ఆఖరుకు 5 ఉన్నది. 5 అంటే యాక్సెస్ డినైడ్, అనుమతి లేదు. చాలా సార్లు యాంటీవైరస్ అడ్డం పడుతున్నట్టు. 80070002 అంటే కావలసిన ఫైలు దొరుకుత లేదు. ఇదే పద్ధతిల మీరు ఎవరినీ అడగకుండ సొంతంగ విప్పుకోవచ్చు. 8007తో మొదలుగాని కోడ్‌లు కూడ ఉంటయి, వాటికి వేరే జాబితాలున్నయి. కాని మన బల్ల మీదికి వచ్చే వాటిల చాలా మటుకు ఈ కుటుంబానివే.

పెద్ద వెర్షన్ మారేటప్పుడు, అంటే 10 నుంచి 11కు పోయేటప్పుడు, సి1900101 అని వస్తది. దాని పక్కన అడ్డగీత పెట్టి ఇంకో కోడ్ ఉంటది, 20017, 30018 లాంటిది. మొదటిది సాధారణంగ డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని విండోస్‌తోని మాట్లాడించే సాఫ్ట్‌వేర్) పంచాయితీ అని చెప్తది. రెండో కోడ్‌ల మొదటి అంకె ఏ దశల పడిపోయిందో చెప్తది. 1 అయితే పాత విండోస్ ఇంకా నడుస్తుండంగనే. 2 అయితే మధ్యల వచ్చే సేఫ్ ఓఎస్ దశల. 3 అయితే మొదటి బూట్‌ల, 4 అయితే రెండో బూట్‌ల. ఇది తెలిసినోడు ముందు ప్రింటర్, వేలిముద్ర మిషన్, డాంగిల్, బయట హార్డ్ డిస్క్ అన్ని పీకేసి, మౌసు, కీబోర్డు మాత్రమే ఉంచి మళ్ల నడిపిస్తడు. బయటి యాంటీవైరస్ తీసేస్తడు. డిస్‌ప్లే డ్రైవర్, స్టోరేజ్ డ్రైవర్ కంపెనీ సైటు నుంచి కొత్తవి వేస్తడు. ఇంకా కుదరకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్లదే సెటప్‌డయాగ్ అని చిన్న ఉచిత టూల్ ఉన్నది. అది లాగులన్ని చదివి ఏ కారణంతోని ఆగిందో పేరు పెట్టి చెప్తది.

కోడ్ పైపైన చూస్తె సరిపోని సందర్భాలు కూడ ఉంటయి. 2024 జనవరిలో విండోస్ 10కు ఒక అప్‌డేట్ వచ్చింది, కేబీ5034441. చాలా మిషన్లల్ల 80070643 అని ఫెయిలైంది. ఇందాకటి పద్ధతిల విప్పితే 643 హెక్స్ అంటే 1603. దాని అర్థం "ఇన్‌స్టాల్ ఫెయిలైంది" అని మాత్రమే. ఫెయిలైందని మనకు ఎరుకే కదా. అసలు కారణం, విండోస్ చెడినప్పుడు లేపేటందుకు డిస్క్‌ల వేరుగ పెట్టిన రికవరీ పార్టిషన్‌లో జాగ చాలకపోవుడు. దానికి 250 ఎంబీ ఖాళీ కావాలె. డిస్క్‌ను ముక్కలు చేసేటప్పుడు రికవరీకి జాగ తక్కువ ఇడిస్తే ఏండ్ల తర్వాత ఇట్ల బయటపడ్తది. ఇసోంటప్పుడు మైక్రోసాఫ్ట్ రిలీజ్ హెల్త్ పేజీ చూడాలె. ఏ అప్‌డేట్‌ల ఏ గడబిడ ఉన్నదో వాళ్లే అక్కడ పెడ్తరు. అది మన మిషన్‌ది కాదు, లోకమంతటి సమస్య అని తెలిస్తే రాత్రంత కూసోని కొట్లాడే పని తప్పుతది.

ఇప్పుడు మందగించిన అప్‌డేట్‌ను లేపే వరుస చెప్త. ముందు రీస్టార్ట్. షట్‌డౌన్ కాదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఉన్నది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ కెర్నెల్, అంటే దాని నడిగుండె, పూర్తిగ దిగిపోదు, డిస్క్‌ల దాచుకొని పొద్దుగాల మళ్ల అదే తెరుస్తది. "నేను రోజూ బంద్ చేస్తనే ఉన్న సార్" అని గిరాకి అంటడు, అతను చెప్పేది నిజమే. అయినా రీస్టార్ట్ కొట్టాలె.

దాంతోని గాకపోతే సర్వీసెస్‌లకు పోయి విండోస్ అప్‌డేట్, వెనక నుంచి ఫైళ్లు దింపే బిట్స్ రెండూ ఆపండి. సీ డ్రైవ్‌ల విండోస్ ఫోల్డర్‌ల సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ అని ఉంటది. దాని పేరు మార్చండి. డిలీట్ చేయకండి, పేరు మార్చండి, అక్కరపడ్తే వాపస్ పెట్టుకోవచ్చు. సగం దిగి చెడిపోయిన ఫైళ్లు ఉండేది అందులనే. సర్వీసులు మళ్ల నడిపిస్తే కొత్త ఫోల్డర్ తనే చేసుకుంటది.

దాని తర్వాత డిజం, ఎస్‌ఎఫ్‌సీ, అంటే విండోస్ ఫైళ్లను బాగుచేసే రెండు కమాండ్లు. మస్తు మంది ఎస్‌ఎఫ్‌సీ ముందు కొడ్తరు. ఈ వరుస తిరగేయాలె. చెడిపోయిన సిస్టమ్ ఫైలుకు బదులు ఎస్‌ఎఫ్‌సీ మంచి కాపీని విండోస్ లోపలి కాంపొనెంట్ స్టోర్ నుంచి తెస్తది. ఆ స్టోరే చెడిపోతే అది ఎక్కడి నుంచి తెస్తది? అందుకే ముందు డిజం రిస్టోర్‌హెల్త్‌తోని స్టోర్ బాగు చేసి, తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కొట్టాలె. డిజం మధ్యల ఒక శాతం దగ్గర కదలకుండ నిలబడ్డట్టు కనిపిస్తది. ఛాయ్ తాగి రండి, కిటికీ మూసెయ్యకండి.

ఇవన్ని అయినా లేవకపోతే అప్పుడు కూడ ఫార్మాట్ కాదు. రిపేర్ ఇన్‌స్టాల్ ఉన్నది. నడుస్తున్న విండోస్‌లోనే అదే ఎడిషన్, అదే భాష ఉన్న ఐఎస్ఓ (విండోస్ ఎక్కించే సరంజామా అంత ఉన్న ఒక్క ఫైలు) తెరిచి సెటప్ నడిపించాలె. ఫైళ్లు, యాప్‌లు రెండూ ఉంచు అన్న దగ్గర టిక్ పెట్టాలె. విండోస్ మొత్తం కొత్తగ ఎక్కుతది, ట్యాలీ అట్లనే ఉంటది, ప్రింటర్ సెట్టింగులు చాలా మటుకు అట్లనే ఉంటయి. ఫార్మాట్‌కు పట్టే టైమే దీనికీ పడ్తది. కాని గిరాకి ఇంటికి పోయినంక ఆ సాఫ్ట్‌వేర్ లేదు, ఈ ఫాంట్ లేదు అని పదిసార్లు ఫోన్ చేయడు. మన సర్వీసు షాపులల్ల ఇంత మంచి పని ఇంత తక్కువ వాడకం ఎందుకున్నదో నాకు ఇప్పటికీ బాధనే.

2024 జూలై 19 మీ అందరికి యాదికి ఉండాలె. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్‌ల తప్పు ఉండి, లోకంల దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెరలు చూపించినయి. ఆ లెక్క మైక్రోసాఫ్ట్ చెప్పిందే. మన దేశంల విమానాశ్రయాలల్ల బోర్డింగ్ పాసులు చేతితోని రాసిచ్చిన్రు. మరి దానికి ఇలాజు ఏంది? విండోస్ తక్కువ సరంజామాతోని లేచే సేఫ్ మోడ్‌ల పోయి, క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్‌ల 291 నంబరున్న ఒక్క ఫైలు తీసేసుడు. అంతే. ఆ రోజు ఏం జరిగిందో చదవకుండ ఫార్మాట్ కొట్టినోడు, ఒక్క ఫైలు కోసం మొత్తం డిస్క్ తుడిచినట్టు.

ఆ రోజు ఇంకో ముచ్చట బయటపడ్డది. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న మిషన్లల్ల సేఫ్ మోడ్‌ల పోవాలంటె 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఇది మన ఊళ్లె కూడ దినాం నడుస్తున్న కష్టమే. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లల్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ చాలా మటుకు తనంతట తనే ఆన్ అయితది. కీ ఆ అకౌంట్‌ల భద్రంగ ఉంటది. కాని ఆ అకౌంట్ ఎవరు చేసిన్రు? ల్యాప్‌టాప్ అమ్మిన షాపుల పిలగాడు, తన దగ్గరున్న ఏదో మెయిల్‌తోని చేస్తడు. కొన్న ఆయనకు పాస్‌వర్డ్ తెల్వదు, మెయిల్ ఐడీ గూడ తెల్వదు. రెండేండ్ల తర్వాత బయోస్ అప్‌డేట్ అయ్యి తెర మీద కీ అడిగితే, ఆ ఇంటిల్లిపాది ఫోటోలన్ని తాళం లోపల ఉండిపోతయి. ఆ కీ లేకుండ తెరిచేటోడు ఎవ్వడూ లేడు, మైక్రోసాఫ్ట్ గూడ తెరువలేదు. కొత్త ల్యాప్‌టాప్ అమ్మే అన్నలకు చేతులు జోడించి చెప్తున్న: అకౌంట్ కొనేటాయన ఫోన్ నంబరుతోనే చేయండి, 48 అంకెలు కాగితం మీద రాసి బిల్లుకు పిన్ కొట్టి ఇయ్యండి. బయోస్ అప్‌డేట్ చేసేటోళ్లు ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి, తర్వాత చేయండి.

ఇక ఇన్‌స్టాలేషన్. కొత్తగ విండోస్ వేస్తుంటె ఆగిపోతే మొట్టమొదలు గమనించవలసింది ఒకటున్నది. ప్రతిసారి అదే శాతం దగ్గర ఆగుతున్నదా, ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతున్నదా? అదే చోట ఆగితే చాలా వరకు పెన్‌డ్రైవ్‌ల ఉన్న ఐఎస్ఓ చెడిపోయినట్టు. దింపుకునేటప్పుడు నెట్ తెగి ఉంటది. దాన్ని పసిగట్టెటందుకు సర్ట్‌యుటిల్ హ్యాష్‌ఫైల్ కమాండ్‌తోని ఎస్‌హెచ్‌ఏ256, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తు, తీయండి, 64 అక్షరాల వరుస వస్తది. మైక్రోసాఫ్ట్ దింపుకునే పేజీల ఇచ్చిన వరుసతోని సరిచూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఐఎస్ఓ పనికిరాదు.

ఒక్కోసారి ఒక్కో చోట ఆగితే అనుమానం ర్యామ్ మీదికి, డిస్క్ మీదికి పోవాలె. రెండు ర్యామ్ ముక్కలుంటె ఒకటి తీసి పెట్టి చూడండి, తర్వాత దాన్ని పెట్టి ఇంకోటి తీయండి. బంగారు రంగు పట్టీల మీద నలుపు తేలి ఉంటే పెన్సిల్ రబ్బర్‌తోని మెల్లగ రుద్ది, పొడి ఊది, క్లిప్పు టప్పుమని చప్పుడొచ్చేదాక కూసోబెట్టండి. తర్వాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ రాత్రంత నడిపించండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ మీద విండోస్ ఎక్కించొద్దు. డిస్క్‌కు దాని ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టండి. రీఅలొకేటెడ్ సెక్టర్లు, పెండింగ్ సెక్టర్లు, అంటే డిస్క్‌ల చెడిన, చెడుతున్న జాగలు, పెరుగుతుంటె డిస్క్ పోయే దారిల ఉన్నదన్నట్టు. ముందు డేటా తీసుకోండి, తర్వాతనే ఏదైనా. యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా వచ్చిపోయే దారిల తప్పులు) మాత్రమే పెరుగుతుంటె డిస్క్ మంచిదే ఉండొచ్చు, సాటా కేబుల్ మార్చి చూడండి. కేబుల్ తప్పుకు కొత్త డిస్క్ కొనిపించుడు గిరాకికి అన్యాయం.

సెటప్‌లో డిస్కే కనిపిస్త లేదా? ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లల్ల ఇది మస్తు కనిపిస్తది. చాలా మంది ఎస్‌ఎస్‌డీ పోయిందని గిరాకికి చెప్పేస్తరు. ఎస్‌ఎస్‌డీ నిక్షేపంగ ఉంటది. బయోస్‌లో వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటె విండోస్ సెటప్‌కు ఆ డిస్క్ అగుపడదు. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను ఇంకో పెన్‌డ్రైవ్‌ల విప్పి, లోడ్ డ్రైవర్ కొట్టి చూపిస్తే వెంటనే డిస్క్ వస్తది. డిస్క్‌ల పాత విండోస్, డేటా ఉంటే మాత్రం బయోస్‌ల వీఎండీ బంద్ చేయకండి, పాత విండోస్ బూట్ కాకుండ పోవచ్చు.

డిస్క్ కనిపించి, ఎంబీఆర్ (డిస్క్‌ను ముక్కలు చేసే పాత పద్ధతి) ఉన్నది, దీని మీద వేయలేను అంటదా? యూఈఎఫ్ఐ అనే కొత్త తరం బయోస్‌ల బూట్ అయిన సెటప్‌కు జీపీటీ అనే కొత్త పద్ధతి కావాలె. ఇంటర్నెట్‌ల చూసి డిస్క్‌పార్ట్‌ల క్లీన్ కమాండ్ కొట్టేటోళ్లున్నరు. ఆ ఒక్క మాటతోని మొత్తం డిస్క్ మీది పార్టిషన్లు పోతయి, డీ డ్రైవ్‌తో సహా. డేటా ఉంటే ఎంబీఆర్2జీపీటీ అని విండోస్‌లోనే టూల్ ఉన్నది, దాంతోని డేటా పోకుండ మార్చొచ్చు. అయినా ముందు కాపీ తీసుకున్నంకనే.

కరెంటు ముచ్చట మనం చెప్పుకోక తప్పదు. ఏప్రిల్, మే నెలలల్ల మన దగ్గర పగలు 44, 45 డిగ్రీలు. సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు ఎప్పుడు పోతదో తెల్వదు. సగం అప్‌డేట్‌ల డెస్క్‌టాప్ ఆరిపోతే విండోస్ చాలా సార్లు తనే సర్దుకుంటది. కాని బయోస్ అప్‌డేట్‌ల ఆరిపోతే మదర్‌బోర్డు మీది చిప్పునే మళ్ల రాయవలసి రావొచ్చు. అందుకే బయోస్ పని పొద్దుగాల, యూపీఎస్ బ్యాటరీ నిలబడ్తదని పరీక్ష చేసినంకనే పెట్టుకోండి.

ఇప్పుడు కొంచెం గట్టిగ మాట్లాడుత. మన షాపులల్ల పెన్‌డ్రైవ్‌లల్ల తిరిగే లైట్ వెర్షన్ విండోస్‌లు, క్రాక్ చేసినవి, అప్‌డేట్‌లు రాకుండ లోపల కోసేసినవి ఉన్నయి గదా, వాటిని మీసేవ కేంద్రంల, ఇంటర్నెట్ సెంటర్‌ల పెట్టడం పాపం. అక్కడ జనం ఆధార్ నంబరు ఇస్తరు, బ్యాంకు పాస్‌బుక్ ఇస్తరు, వేలు పెడ్తరు. 2017 మే 12న వానాక్రై వైరస్ లోకాన్ని పట్టి ఊపింది. పక్కన ఆంధ్రప్రదేశ్‌ల పోలీసు కంప్యూటర్లకు కూడ సోకింది. దాన్ని ఆపే అప్‌డేట్ అదే ఏడాది మార్చి 14నాడే వచ్చింది, అంటే దాదాపు రెండు నెలల ముందు. అప్‌డేట్ వేసుకున్న మిషన్లల్లకు అది ఆ తొవ్వల రాలేదు. అప్‌డేట్‌లతోని పరేషాన్ అని అసలుకే బంద్ పెట్టుకునేటోళ్లు ఈ తేదీలు రెండూ గుర్తు పెట్టుకోవాలె.

అప్‌డేట్‌ల తప్పులు ఉండవని నేను అంట లేను. 2018 అక్టోబర్‌ల వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 కొంతమంది ఫైళ్లనే తుడిచిపెట్టింది. మైక్రోసాఫ్ట్ దాన్ని కొన్ని దినాలకే ఆపి, నవంబర్ 13న మళ్ల ఇచ్చింది. అందుకే రెండు మిషన్లున్న సెంటర్లకు నా సలహా ఇది. ఒక మిషన్‌కు ముందు అప్‌డేట్ వేయండి. వేలిముద్ర మిషన్ పలుకుతున్నదా, ప్రింటర్ పలుకుతున్నదా, పోర్టల్ తెరుచుకుంటున్నదా చూసుకోండి. వారం ఆగి రెండోదానికి వేయండి. దోస్త్ డిగ్రీ అడ్మిషన్ల దినాలల్ల, ఎప్‌సెట్ ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ దినాలల్ల, పిల్లలు లైన్ కట్టి ఉన్నప్పుడు అప్‌డేట్ దిగకుండ పాజ్ పెట్టుకోవచ్చు, 5 వారాల దాక. సీజన్ అయిపోంగనే పాజ్ తీసేయాలె, అక్కడ మర్చిపోతరు చాలా మంది. అప్‌డేట్ తర్వాత వేలిముద్ర మిషన్ పలుకకపోతే డివైస్ మేనేజర్‌ల రోల్ బ్యాక్ డ్రైవర్ చూడండి, ఆ మిషన్‌ను ఆధార్‌తోని కలిపే ఆర్‌డీ సర్వీసు నడుస్తున్నదా చూడండి. పెద్ద వెర్షన్ మారినంక గడబిడ అయితే 10 దినాల లోపు గో బ్యాక్ కొట్టి పాతదానికి పోవచ్చు. ఆ 10 దినాలు విండోస్‌డాట్‌ఓల్డ్ ఫోల్డర్‌ను జాగ కోసం తీసెయ్యకండి, వెనకకు పోయే దారి అదే.

డీటీపీ చేసే అన్నలది వేరే కథ. పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద ఏండ్ల తరబడి పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేస్తున్నరు, ఆ సాఫ్ట్‌వేర్ పాత విండోస్ మీదనే మంచిగ నడుస్తది. దాన్ని ఇడిసిపెట్టమని నేను అనను. ఆ మిషన్‌కు నెట్ తీగ పీకేయండి, వైఫై బంద్ చేయండి. మెయిల్, వాట్సాప్ ఇంకో మిషన్ మీద చూసుకోండి. పెన్‌డ్రైవ్ అటు పెట్టే ముందు కొత్త మిషన్‌ల స్కాన్ చేయండి.

కాకతీయ యూనివర్సిటీ, ఎన్ఐటీ దిక్కు నుంచి వచ్చిన పిల్లలకు, విండోస్‌కు బదులు వాడే ఉచిత లినక్స్ గురించి రెండు ముక్కలు. ఉబుంటు అనే లినక్స్‌ల అప్‌డేట్ మధ్యల కరెంటు పోతే డీపీకేజీ కాన్ఫిగర్ కమాండ్ ఇయ్యండి, ఆగిన దగ్గరి నుంచి పట్టుకుంటది. లాక్ దొరుకుత లేదంటె ఆ లాక్ ఫైలును డిలీట్ చేయకండి, వెనక ఇంకో అప్‌డేట్ నడుస్తున్నదేమో చూసి అది అయ్యేదాక ఆగండి. బూట్ పార్టిషన్ పాత కెర్నెళ్లతోని నిండిపోతే ఆటోరిమూవ్ కమాండ్ ఇయ్యండి. 2024 ఆగస్టుల వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత విండోస్, లినక్స్ రెండూ ఉన్న డ్యుయల్ బూట్ మిషన్లు కొన్నింట్ల లినక్స్ బూట్ కాకుండ, ఎస్‌బ్యాట్ సెక్యూరిటీ పాలసీ అని ఆగిపోయినయి. అక్కడ లినక్స్ పార్టిషన్‌కు ఏం కాలే. నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే సెక్యూర్ బూట్ కాసేపు బంద్ చేసి, లినక్స్‌ల పోయి దాన్ని కొత్త వెర్షన్‌కు తెచ్చుకొని, మళ్ల ఆన్ చేసుకుంటె అయిపోయింది. ఆ సంగతి తెలియక లినక్స్ తుడిచి మళ్ల వేసుకున్న పిల్లలకు ప్రాజెక్టు పనంత పోయింది.

ఆఖరుకు విండోస్ 10. 2025 అక్టోబర్ 14తోని దాని మామూలు సపోర్ట్ ఆగిపోయింది. 11కు పోవాలంటె టీపీఎం 2.0 (తాళం కీలు దాచే సెక్యూరిటీ చిప్పు), సెక్యూర్ బూట్, ఇంటెల్ అయితే దాదాపుగ 8వ జనరేషన్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగ కావాలె. టీపీఎం లేదని తెర చెప్తే వెంటనే కొత్తది కొనిపించకండి. చాలా బోర్డులల్ల అది ఉంటది, బయోస్‌ల బంద్ ఉంటది. ఇంటెల్‌ల పీటీటీ అని, ఏఎండీల ఎఫ్‌టీపీఎం అని ఉంటది, ఆన్ చేస్తే సరి. నిజంగనే పాత ప్రాసెసర్ అయితే ఇంట్ల వాడే మిషన్‌కు 2026 అక్టోబర్ 13 దాక ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్లకు పేరు ఎక్కించుకోవచ్చు. నెట్, వీడియోలు, కాగితం పని వరకే అయితే ఆ మిషన్ మీద లినక్స్ మంచిగ నడుస్తది, తెలుగు టైపింగు కూడ మంచిగనే ఉంటది. చెక్కు చెదరని మిషన్‌ను పాత ఇనుము సామాన్లకు వేయొద్దు.

నేను చెప్పేది అయిపోయింది, అడగండి.

(వెనుక వరుస నుంచి ఒక యువకుడు: "సార్, అప్‌డేట్ 30 శాతం దగ్గర గంట నుంచి ఆగింది. గిరాకి నెత్తి మీద నిలబడ్డడు. ఎంతసేపు చూడాలె?")

మంచిగడిగినవ్ తమ్మీ. ముందు ఆ గిరాకికి కుర్చీ వేసి కూసోబెట్టు. తర్వాత డిస్క్ లైటు చూడు. హార్డ్ డిస్క్ ఉన్న పాత మిషన్‌ల గంట అనేది ఎక్కువేం కాదు, రెండు మూడు గంటలు పట్టేటివి గూడ ఉంటయి. లైటు వెలిగి ఆరుతున్నంత సేపు ముట్టుకోకు. లైటు అసలుకే కదలకుండ, చుక్కలు తిరగకుండ గంటలు గడిస్తె అప్పుడు పవర్ బటన్ ఒత్తిపట్టి ఆపు. మళ్ల ఆన్ చేస్తే చాలా సార్లు తనే వాపస్ తీసుకొని లేస్తది. లేవకపోతే రెండు మూడు సార్లు వరుసగ బూట్ ఫెయిలైనంక రికవరీ తెర తనే వస్తది. అందుల ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌లకు పోయి లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్ తీసేయ్. విండోస్ లేస్తది. లేవంగనే ముందు ఆయన డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఒక పెన్‌డ్రైవ్‌కు కాపీ చేసి చేతిల పెట్టు. ఆ తర్వాత నువ్వు నిమ్మలంగ సీ డ్రైవ్ విండోస్ లాగ్స్ ఫోల్డర్‌ల సీబీఎస్ లాగ్ తెరిచి, ఎర్రర్ అన్న మాట వెతికి, ఎక్కడ ఆగిందో చదువు.